గోల్ఫ్ బంతికి మీ ఫాలో త్రూ తెలియదు

గోల్ఫ్ సాధన చేసే ఏ డ్రైవింగ్ రేంజ్‌లోనైనా కాసేపు నిలబడండి. కుడికి వంకర తిరిగిన ఒక్క బంతికి మూడు కారణాలు వినబడతాయి. తల ఎత్తేశావంటారు ఒకరు. మణికట్టు తిప్పలేదంటారు ఇంకొకరు. ఈ ఉక్కపోతలో గాలి బరువెక్కిపోయింది, ఎవరు కొట్టినా ఇంతే అని సముదాయిస్తారు మూడోవారు. ఇలాంటివి విన్నప్పుడు ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఆ కారణం బంతిని ఏ దారిన చేరింది?

దారులు బహు కొద్ది. క్లబ్ ఫేస్‌ని, అంటే గోల్ఫ్ కర్రకు బంతి తగిలే ముఖాన్ని, వదిలే క్షణంలో బంతికి ఎంత వేగం ఉంది, ఎటు బయలుదేరింది, ఎంత కోణంలో లేచింది, ఎంత స్పిన్ పట్టింది, ఆ స్పిన్ అక్షం ఎటు ఒరిగింది. ఇంతే. అక్కడి నుంచి దాన్ని నడిపేవి గాలి, భూమ్యాకర్షణ. తల ఎత్తడం వల్ల ఫేస్ తిరిగిందా, దెబ్బ ఫేస్ మధ్య నుంచి పక్కకు జరిగిందా అని చూడాలి. రెండూ జరగలేదంటే ఆ పాపం తలది కాదు. (ఇకపై చెప్పే కుడి ఎడమలన్నీ కుడిచేతి ఆటగాళ్లవి. ఎడమచేతివాళ్లు తిప్పి చదువుకోండి.)

ముందుగా ఫాలో త్రూ, అంటే దెబ్బ తర్వాత సాగే ఊపు, సంగతి. బంతి, ఫేస్ కలిసి ఉండేది సెకనులో రెండు వేలో వంతు, అంటే అర మిల్లీసెకను. ఆ వ్యవధిలో క్లబ్ కదిలేది రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. దెబ్బ తగిలిందని చేతికి తెలిసేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి దెబ్బ తర్వాత చేతులు తిప్పి బంతిని ఎడమకు తేవడం, ఫినిష్‌లో, అంటే ఊపు చివరి భంగిమలో, ఆగి తిన్నగా పంపడం జరిగే పని కాదు. అలాగని కోచ్ ఫినిష్ గురించి చెప్పేది దండగ అనుకోవద్దు. ఫినిష్ అలా కుదరాలంటే దెబ్బకు ముందు శరీరం సరిగ్గా కదలాలి, ఆయన సరిదిద్దేది దాన్ని.

ఇక అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన పాత పాఠం. బంతి స్వింగ్ (క్లబ్ ఊపు) పోయిన దారిలో బయలుదేరుతుంది, తర్వాత ఫేస్ చూసిన వైపు వంగుతుంది అని దశాబ్దాల పాటు నేర్పారు. డాప్లర్ రాడార్‌తో కొలిచే యంత్రాలు రేంజ్‌లకు వచ్చాక ఇది తలకిందులుగా ఉందని అందరికీ తెలిసింది. బయలుదేరే దిశను ప్రధానంగా నిర్ణయించేది ఫేస్. ఎక్కువ దూరం కొట్టే డ్రైవర్ క్లబ్‌తో సుమారు 85 శాతం, తక్కువ దూరాలకు వాడే ఐరన్ క్లబ్‌లతో సుమారు 75 శాతం ఫేస్ వాటా, మిగిలింది స్వింగ్ దారిది. వంపు వచ్చేది ఆ రెండింటి మధ్య తేడా వల్ల. ఫేస్ స్వింగ్ దారికి కుడిగా చూస్తుంటే బంతి కుడికి వంగుతుంది, ఎడమగా చూస్తుంటే ఎడమకు.

పాత పాఠాన్ని నమ్మి డ్రా (కుడిగా బయలుదేరి ఎడమకు వంగే షాట్) కొట్టబోయేవాడు ఫేస్‌ని జెండా వైపు పెట్టి స్వింగ్‌ని కుడికి పంపుతాడు. బంతి దాదాపు జెండా వైపే బయలుదేరి అక్కడి నుంచి ఎడమకు పోతుంది, గ్రీన్ (జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డి) తప్పుతుంది. డ్రా లక్ష్యానికి తిరిగి రావాలంటే ఫేస్ కూడా లక్ష్యానికి కుడిగానే ఉండాలి, స్వింగ్ దారి దానికన్నా ఇంకాస్త కుడిగా ఉండాలి. ఉదాహరణకు ఫేస్ 2 డిగ్రీలు కుడికి, దారి 4 డిగ్రీలు కుడికి. స్లైస్ (కుడికి బాగా వంగే షాట్) కొట్టేవాడికి కూడా పాత పాఠం ఇలాగే అన్యాయం చేస్తుంది. బంతి తిన్నగా బయలుదేరి కుడికి తిరుగుతోందంటే ఫేస్ బాగానే ఉంది, దారి ఎడమకు పోతోంది. అతనికి ‘ఫేస్ మూసెయ్’ అని సలహా ఇస్తే వంపు తగ్గుతుంది, కాని బంతి తిన్నగా ఎడమ చెట్లలోకి పోతుంది.

‘ఐరన్లు బ్రహ్మాండంగా కొడతాను, డ్రైవర్ ఒక్కటే స్లైస్ అవుతుంది’ అనే మాట ప్రతి క్లబ్‌లోనూ వినబడుతుంది. రెండింటికీ వేర్వేరు స్వింగ్‌లు ఉన్నాయని దీనికి అర్థం చెప్పుకుంటారు. లెక్క వేసి చూద్దాం. దారి ఫేస్‌కి 4 డిగ్రీలు ఎడమగా ఉందనుకోండి. డ్రైవర్‌కి దెబ్బ క్షణంలో ఉండే లాఫ్ట్‌కీ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) క్లబ్ కిందికో పైకో వచ్చే కోణానికీ తేడా సుమారు 14, 15 డిగ్రీలు. 4ని దానితో భాగిస్తే సుమారు 0.27 వాలు వస్తుంది, అంటే స్పిన్ అక్షం దాదాపు 15 డిగ్రీలు ఒరుగుతుంది. ఒక్కో డిగ్రీ ఒరుగుకు బంతి గాలిలో వెళ్లిన దూరంలో సుమారు 0.7 శాతం పక్కకు పోతుంది. 200 యార్డుల క్యారీకి (గాలిలో పోయే దూరం) ఇరవై యార్డులు దాటిపోతుంది, అంటే ఫెయిర్‌వే (కత్తిరించిన గడ్డి దారి) తప్పినట్టే. అదే 4 డిగ్రీల తప్పు 9 ఐరన్‌తో చేస్తే ఆ తేడా 40 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి అక్షం 6 డిగ్రీలు కూడా ఒరగదు. 120 యార్డుల మీద వంపు ఐదు యార్డులు. బంతి గ్రీన్ మీదే పడుతుంది, తప్పు కనబడదు. స్వింగ్ ఒకటే. లాఫ్ట్ దాన్ని దాచిపెట్టింది.

ఇందులోనే మరో అపోహకు కూడా జవాబు ఉంది. బ్యాక్‌స్పిన్ ఒకటి, సైడ్‌స్పిన్ ఇంకొకటి, రెండూ వేర్వేరుగా బంతికి అంటుకుంటాయని అనుకుంటారు. బంతి ఒక్క అక్షం చుట్టూనే తిరుగుతుంది. ఆ అక్షం సమతలంగా ఉంటే బంతి నేరుగా పోతుంది, ఒరిగితే ఒరిగిన వైపు. డ్రాకి టాప్‌స్పిన్ ఉంటుంది, అందుకే ఎక్కువ పరిగెడుతుంది అన్నది కూడా ఇలాంటిదే. టాప్‌స్పిన్ ఉన్న బంతి గాలిలో నిలబడదు, ముక్కు నేలకు కొట్టుకుంటుంది. డ్రా కొట్టేటప్పుడు ఫేస్ మూసుకుంటుంది, దాంతో లాఫ్ట్ తగ్గుతుంది, స్పిన్ తగ్గుతుంది, బంతి కిందుగా పోయి దొర్లుతుంది. అదే వేగం, అదే కోణం, అంతే స్పిన్‌తో ఫేడ్ (కుడికి కాస్త వంగే షాట్) కొడితే అది కూడా అంతే దూరం పోతుంది.

మీ బంతి ఎందుకు వంగుతోందో రేంజ్‌లో తేల్చుకోవడానికి యంత్రం అక్కర్లేదు. ఒక పుల్ల, కాస్త టాల్కం పౌడర్ చాలు. ముందు పౌడర్. డ్రైవర్ ఫేస్ మీద పలుచగా అద్ది కొడితే బంతి తగిలిన చోట అచ్చు పడుతుంది. ఇది మొదట చేయాలి, ఎందుకంటే డ్రైవర్ తల బరువు ఫేస్‌కి బాగా వెనక ఉంటుంది. బంతి మధ్యలో కాక పక్కన తగిలితే క్లబ్ తల ఒకవైపు తిరుగుతుంది, ఆ తిరుగుడు పళ్లచక్రాల్లా బంతిని ఎదురువైపు తిప్పుతుంది. టో (క్లబ్ తల కొన) దగ్గర తగిలితే బంతి ఎడమకు వంగుతుంది, హీల్ (కర్ర అతుకు వైపు) దగ్గర తగిలితే కుడికి. డ్రైవర్ ఫేస్ కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండేది దీన్ని సర్దడానికే. మీ అచ్చులన్నీ హీల్ వైపే పడుతుంటే స్లైస్‌కి సగం కారణం దొరికినట్టే. ఆ స్థితిలో గ్రిప్‌ని, స్వింగ్ దారిని మార్చుకుంటూ పోతే ఎక్కడా తేలదు. బంతికి అర అంగుళం దూరం జరిగి నిలబడి మళ్లీ చూడండి.

అచ్చులు మధ్యలోకి వచ్చాక ఫేస్ తుడిచేసి, బంతికి మూడు మీటర్ల ముందు, లక్ష్యం గీత మీద పుల్ల గుచ్చండి. బంతి పుల్లకు ఏ పక్కన బయలుదేరిందో అది ఫేస్ చూసిన వైపు. అక్కడి నుంచి ఎటు వంగిందో దాన్ని బట్టి దారి తెలుస్తుంది: కుడికి వంగితే దారి ఫేస్‌కి ఎడమగా ఉంది, ఎడమకు వంగితే కుడిగా. ఒక్క బంతిని చూసి తీర్పు చెప్పకండి, పది కొట్టి ఎక్కువ ఎటు పోయాయో చూడండి. రేంజ్ బంతులు గట్టివి, అరిగినవి. వాటితో దిశ చూడొచ్చు గాని దూరం, స్పిన్ లెక్కలు కట్టొద్దు. పౌడర్ పని రేంజ్ వరకే. రౌండ్‌లో క్లబ్ ఫేస్‌కి ఏదైనా పూస్తే నియమాలతో పేచీ.

టీ (బంతిని నిలబెట్టే చిన్న మేకు) ఎత్తు పెడితే బంతి ఆకాశంలోకి పోయి దూరం తగ్గుతుందన్న భయం కూడా ఈ అచ్చులు చూస్తే పోతుంది. బంతి ఫేస్ మధ్యకి కాస్త పైన తగిలితే ఎక్కువ కోణంలో లేస్తుంది, స్పిన్ మాత్రం తగ్గుతుంది. డ్రైవర్‌కి కావలసింది సరిగ్గా అదే. డ్రైవర్‌ని నేల మీద పెట్టినప్పుడు సగం బంతి దాని పై అంచుకి మీద కనబడేంత ఎత్తు చాలామందికి సరిపోతుంది. బంతి నిజంగా నిట్టనిలువుగా లేచిందంటే మీరు గొడ్డలి వేసినట్టు పైనుంచి కొట్టారు, తగిలింది ఫేస్ అంచున. టీని తిట్టి లాభం లేదు.

గాలి విషయానికి వద్దాం. ఇక్కడ అపోహలు చదువుకున్నవాళ్లకే ఎక్కువ.

గాలి బంతిని ఆపుతుంది, అది లేకపోతే ఇంకా దూరం పోయేది అనడం సగమే నిజం. 45.93 గ్రాములకు మించకూడని ఈ బంతి డ్రైవర్ దెబ్బకు బయలుదేరినప్పుడు దాని మీద గాలి నిరోధం దాని బరువుకి రెట్టింపుకు పైగా ఉంటుంది. కాని బ్యాక్‌స్పిన్ వల్ల పైకి లేపే బలం కూడా మొదట్లో బరువును మించుతుంది. అమెరికా పీజీఏ టూర్ ఆటగాళ్ల సగటుకు దగ్గరగా, గంటకు 167 మైళ్ల వేగం, 11 డిగ్రీల కోణం తీసుకోండి. గాలి లేని చోట ఆ బంతి అదే కోణంలో పోతే 230 యార్డుల దగ్గర పడుతుంది. గాలిలో వాళ్లు క్యారీ చేసేది 275 యార్డులు. గాలి లాక్కున్న దానికన్నా ఇచ్చింది ఎక్కువ.

ఈ సంగతి తేల్చినవాడు ఎడిన్‌బరో ప్రొఫెసర్ పీటర్ గత్రీ టేట్, 1890ల్లో. అప్పటిదాకా స్పిన్ అంటేనే దోషమని ఆటగాళ్ల నమ్మకం. ఆయన బంతికి పొడవాటి టేపు కట్టి, బంకమట్టిలోకి కొట్టించి, టేపులో పడ్డ మెలికలు లెక్కపెట్టి బ్యాక్‌స్పిన్ ఎంతో కొలిచాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టేట్ 1896, 1898లో బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్. ప్రయోగశాల ఇంట్లోనే ఉందన్నమాట.

డింపుల్స్ (బంతి మీది చిన్న గుంటలు) ఉన్నది అందానికీ కాదు, స్పిన్ పుట్టించడానికీ కాదు. గట్టపర్చా అనే చెట్టు జిగురుతో చేసిన నున్నటి బంతులు కొత్తలో సరిగ్గా ఎగరక, గీతలు, గాట్లు పడ్డాక బాగా పోతుండటం పాత ఆటగాళ్లు గమనించారు. అందుకే సుత్తితో ముందే గాట్లు పెట్టడం మొదలుపెట్టారు. 1905లో ఇంగ్లండ్‌లో విలియం టేలర్ డింపుల్స్‌కి పేటెంట్ తీసుకున్నాడు. పావు మిల్లీమీటరు లోతు గుంటలు బంతిని అంటుకున్న గాలి పొరను కల్లోలపరుస్తాయి. అలా కలతపడ్డ పొర బంతి వెనక దాకా అంటిపెట్టుకుని ఉంటుంది, వెనక ఏర్పడే సుడి సన్నబడుతుంది, నిరోధం దాదాపు సగానికి పడిపోతుంది. డింపుల్స్ ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదన్న డబ్బా మీది లెక్కను పట్టించుకోకండి. 300 నుంచి 400 మధ్య ఉన్న బంతులన్నీ బాగానే ఎగురుతాయి, లోతు, అంచు వంపు సంఖ్యకన్నా ముఖ్యం. 1970ల్లో పొలారా అని ఒక బంతి వచ్చింది, దానికి అన్ని చోట్లా డింపుల్స్ ఒకే లోతులో ఉండవు. దాన్ని ఒక పద్ధతిలో పెట్టి కొడితే స్లైస్ నిజంగానే తగ్గేది. దాంతో అమెరికా గోల్ఫ్ సంఘం 1981లో బంతి అన్ని వైపులా ఒకేలా ఎగరాలని నియమం పెట్టింది.

తేమ గాలి బరువు అనే మాట సగం క్రికెట్ నుంచి వచ్చింది, సగం మన ఒంటి చెమట నుంచి. పొడి గాలి అణువుల సగటు బరువు 29, నీటి ఆవిరిది 18. ఆవిరి చేరిన కొద్దీ గాలి తేలికవుతుంది. 35 డిగ్రీల ఎండలో తేమ 30 శాతం నుంచి 80కి పెరిగితే గాలి సాంద్రత ఒక శాతం తగ్గుతుంది, 250 యార్డుల డ్రైవ్‌కి ఒక యార్డు కలుస్తుంది. లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఎత్తు, ఉష్ణోగ్రత మాత్రం లెక్కలోవే. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి అడుగులకు దూరం సుమారు 1.16 శాతం పెరుగుతుంది. సాంద్రత మూడు శాతం తగ్గినా దూరం అంత పెరగదు, ఎందుకంటే నిరోధంతో పాటు పైకి లేపే బలం కూడా తగ్గిపోతుంది. విశాఖ తీరంలోని ఈస్ట్ పాయింట్ కోర్సులో 200 యార్డులు పోయే షాట్ గోల్కొండ దగ్గరి హైదరాబాద్ కోర్సులో, సుమారు 540 మీటర్ల ఎత్తున, 204 పోతుంది. బెంగళూరులో 207, ఊటీలో 217. ఇప్పుడు ఉష్ణోగ్రత చూడండి. హైదరాబాద్‌లో డిసెంబరు పొద్దున 14 డిగ్రీలు, మే మధ్యాహ్నం 41. గాలి సాంద్రతలో తేడా ఎనిమిదిన్నర శాతం, 200 యార్డులకు ఆరేడు యార్డులు. విశాఖ నుంచి వచ్చినవాళ్లు ఎత్తు గురించి క్యాడీని అడుగుతారు గాని, ఒకే కోర్సులో డిసెంబరుకీ మేకీ మధ్య ఉన్న ఇంతకన్నా పెద్ద తేడాను ఎవరూ అడగరు.

ఎదురుగాలి బంతికి స్పిన్ పెంచుతుందనేది కూడా తప్పే. స్పిన్ ఎంతో ఫేస్ దగ్గరే తేలిపోయింది. ఎదురుగాలిలో బంతికి తగిలే గాలి వేగం పెరుగుతుంది కాబట్టి ఉన్న స్పిన్‌కే లేపే బలం, ఆపే బలం, పక్కకు వంచే బలం మూడూ పెరుగుతాయి. అందుకే బెలూన్‌లా పైకి లేస్తుంది, చిన్న ఫేడ్ కూడా పెద్ద స్లైస్‌లా కనబడుతుంది. వెనకగాలి ఇచ్చేది ఎదురుగాలి తీసుకునే దాంట్లో సగమే: గంటకు ఒక మైలు ఎదురుగాలికి ఒక శాతం, వెనకగాలికి అర శాతం అని పెట్టుకోండి. 150 యార్డులకు 10 మైళ్ల ఎదురుగాలి ఉంటే 165 కొట్టాలి, వెనకగాలైతే 142. ఎదురుగాలిలో గట్టిగా కొట్టడం దండగ, వేగంతో స్పిన్ కూడా పెరుగుతుంది. ఒకటి రెండు పెద్ద క్లబ్ తీసుకుని నిదానంగా కొడితే స్పిన్, ఎత్తు రెండూ తగ్గుతాయి.

కంప్రెషన్, అంటే దెబ్బకు బంతి నొక్కుకోవడం, గురించి రెండు ముక్కలు. స్వింగ్ నెమ్మదైతే గట్టి బంతి నొక్కుకోదు, మెత్తటిది కొనాలి అంటారు దుకాణాల్లో. గంటకు 100 మైళ్ల డ్రైవర్ దెబ్బలో బంతి మీద సగటున 700 కిలోల బరువంత బలం పడుతుంది, నెమ్మది స్వింగ్‌లో కూడా కొన్ని వందల కిలోలు. ఏ బంతైనా నొక్కుకుంటుంది. మెత్తటి బంతి డ్రైవర్‌కి దూరం పెంచదు, వేగంగా కొట్టేవాళ్లకైతే కాస్త తగ్గిస్తుంది కూడా. బంతుల మధ్య అసలు తేడా గ్రీన్ దగ్గర, వెడ్జ్‌తో (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) కనబడుతుంది: మెత్తటి యురేథేన్ పైపొర ఉన్నది పట్టు ఇస్తుంది, గట్టి ప్లాస్టిక్ సర్లిన్‌ది జారుతుంది. కొనే ముందు గ్రీన్ పక్క నుంచి ఒక చిన్న షాట్ (చిప్) కొట్టి చూడండి. చలిదేశాల్లో ఆడే మనవాళ్లకు మాత్రం ఒక మాట. రాత్రంతా కారు డిక్కీలో గడ్డకట్టిన బంతి లోపలి రబ్బరు నిజంగానే మందగిస్తుంది, కాబట్టి బంతులు ఇంట్లో పెట్టుకోండి. రౌండ్‌లో హ్యాండ్ వార్మర్‌తో వేడిచేసిన బంతిని కొడితే మాత్రం డిస్‌క్వాలిఫికేషన్, 4.2 నియమం.

చివరిగా వెడ్జ్ గాళ్లు, అంటే ఫేస్ మీద చెక్కిన గాడి గీతలు. స్పిన్ గాళ్ల వల్లే వస్తుందని చాలామంది నమ్మకం. పొడి ఫేస్, పొడి బంతి, మంచి లై (బంతి నేల మీద కూర్చున్న తీరు) ఉంటే గాళ్లు లేని ఫేస్ కూడా దాదాపు అంతే స్పిన్ ఇస్తుంది. గాళ్ల పని నీళ్లను, గడ్డి రసాన్ని పక్కకు తోయడం. అందుకే 2010లో గాళ్ల పరిమాణానికి, అంచు పదునుకు హద్దులు పెట్టినప్పుడు తేడా కనబడింది రఫ్ (పొడవాటి గడ్డి) నుంచి కొట్టే షాట్లలోనే. వానాకాలంలో బంతి పోవట్లేదని తేమను తిట్టుకునేవాళ్లు చూసుకోవాల్సింది కూడా ఇదే. నేల తడిసి దొర్లుడు పోయింది. వెడ్జ్ ఫేస్ మీద నీటి పొర ఉంటే బంతి జారి మామూలు కన్నా ఎత్తుగా, తక్కువ స్పిన్‌తో లేస్తుంది, గ్రీన్ మీద పడ్డాక ఆగదు. సంచిలో రెండు తువ్వాళ్లు పెట్టుకోండి, ఒకటి గొడుగు లోపలి ఊచకు కట్టి పొడిగా ఉంచండి. గాళ్లలో మట్టిని టీ మొనతో తీసేసి, ప్రతి షాట్‌కీ ఆఖరి పనిగా ఫేస్ తుడవండి. తుడిచాక ప్రాక్టీస్ స్వింగ్ తడి గడ్డిని తాకిందంటే మళ్లీ తుడవాలి.